జెడై తేదీలు ఎందుకు తప్పాయి: ప్రభుత్వ కాంట్రాక్టుల మార్కెట్లో సామూహిక అంచనాపై ఒక కేస్ స్టడీ

అమెరికా రక్షణ శాఖ జెడై క్లౌడ్ కాంట్రాక్టుకు తుది ఆర్‌ఎఫ్‌పీని (బిడ్లు కోరే పత్రాన్ని) 2018 జులై 26న విడుదల చేసింది. ఒకే కంపెనీకి, పదేళ్లకు, గరిష్ఠంగా 1,000 కోట్ల డాలర్లు. అవార్డు అదే ఏడాది సెప్టెంబరులో ఇచ్చేయాలన్నది మొదటి ఆలోచన. అది 2019 ఏప్రిల్‌కి, అక్కడి నుంచి జులైకి జరిగి, చివరికి అక్టోబరు 25న మైక్రోసాఫ్ట్‌కి దక్కింది. నాలుగు నెలలు నిండకముందే, 2020 ఫిబ్రవరి 13న, ఫెడరల్ క్లెయిమ్స్ కోర్టు పని ఆపమంది. 2021 జులై 6న శాఖ తనే దాన్ని రద్దు చేసింది. దాని స్థానంలో వచ్చిన జేడబ్ల్యూసీసీ అనే క్లౌడ్ కాంట్రాక్టు 2022 డిసెంబరు 7న అమెజాన్, గూగుల్, మైక్రోసాఫ్ట్, ఒరాకిల్ నాలుగింటికీ వెళ్లింది. గరిష్ఠం 900 కోట్ల డాలర్లు.

"2019లో జెడై అవార్డు ప్రకటిస్తారా?" అని అంచనాలు వేసే ఒక ప్యానెల్‌ని అడిగి ఉంటే, అవునన్నవాళ్లకి పూర్తి మార్కులు పడేవి. ఆ అంచనాని నమ్ముకుని మనుషుల్ని తీసుకున్న సబ్‌కాంట్రాక్టరుకి మాత్రం పని దక్కేది కాదు. అంచనా నిజమైంది, ప్రశ్నే తప్పు. సామూహిక మేధ (చాలామంది అంచనాల్ని కలిపి ఒక జవాబు తీయడం) గురించి రాసేటప్పుడు ఎక్కువగా సగటు లెక్కల మీదే రాస్తారు. ఈ మార్కెట్లో సగం పని అంతకుముందే, ప్రశ్న రాసేటప్పుడే, బాగుపడడమో చెడిపోవడమో జరుగుతుంది. అందుకే ఈ కేసులో జెడైని ప్రశ్నలుగా విడగొట్టి, ప్యానెల్ ముందు పెట్టాల్సింది ఏమిటో, ఎక్కడ దెబ్బతింటుందో చూద్దాం. శాతాలు అడిగి కలిపే లెక్కల్లో వాడిన అంకెలు పద్ధతి చూపించడానికి అనుకున్నవి. తేదీలూ ప్రభుత్వ గణాంకాలూ మాత్రం అసలువే.

ఒక్క ప్రశ్నని నాలుగు చేయడం

జెడై లాంటి పెద్ద కొనుగోలుకి కనీసం నాలుగు కార్డులు (ఒక్కో ప్రశ్న, దాని తీర్పు నియమాలు రాసినవి) కావాలి. మొదటిది: ఆర్‌ఎఫ్‌పీ వచ్చిన 30 రోజుల్లో ప్రీ-అవార్డు ప్రొటెస్ట్ (అవార్డుకి ముందే కొనుగోలు తీరుపై ఫిర్యాదు) పడుతుందా? (ఒరాకిల్ ఆగస్టు 6న, అంటే 11వ రోజునే, ప్రొటెస్ట్‌లు వినే అమెరికా చట్టసభ ఆడిట్ సంస్థ జీఏఓకి వెళ్లింది.) రెండోది: ఫలానా తేదీకల్లా అవార్డు ప్రకటన వస్తుందా? మూడోది: అవార్డు వచ్చిందనుకుంటే, 30 రోజుల్లో ఎవరైనా దాన్ని సవాలు చేస్తారా? (అమెజాన్ 28వ రోజున, నవంబరు 22న, కోర్టుకెక్కింది.) నాలుగోది, అందరూ మర్చిపోయేది: అవార్డు తేదీ నుంచి 180 రోజుల్లో మొదటి చెప్పుకోదగ్గ టాస్క్ ఆర్డరు (కాంట్రాక్టు కింద ఇచ్చే విడి పని) పడుతుందా?

డబ్బు నాలుగో కార్డు దగ్గరే కదులుతుంది. 1,000 కోట్ల డాలర్లు అన్నది గరిష్ఠం మాత్రమే, జెడైలో ప్రభుత్వం కచ్చితంగా ఇస్తానన్న కనిష్ఠం 10 లక్షల డాలర్లు. ఈ రెండు అంకెల మధ్య దూరమే ఈ వ్యాపారంలో రిస్కు. పైప్‌లైన్ షీటులో (కంపెనీ ఆశిస్తున్న కాంట్రాక్టుల జాబితాలో) మాత్రం మొదటి అంకె ఒక్కటే కనబడుతుంది.

కార్డులుగా విడదీశాక గుణకారం చేయాలి. గడువులోపు అవార్డు 60 శాతం, అవార్డయితే సవాలు పడకుండా లేదా పని ఆగకుండా గట్టెక్కడం 50 శాతం, గట్టెక్కితే 180 రోజుల్లో ఆర్డరు 70 శాతం అని ప్యానెల్ చెప్పిందనుకోండి. మూడింటినీ గుణిస్తే 21 శాతం. "అరవై శాతం అవకాశం ఉంది" అని మీటింగులో చెప్పినవాడు నిజానికి ఇరవై ఒకటి మీద కూర్చున్నాడు. మనుషులు ఒక్కో మెట్టుని విడిగా అడిగితే బాగానే చెబుతారు, మొత్తం మెట్లని ఒకేసారి అడిగితే మొదటి మెట్టు దగ్గరే ఆగిపోతారు.

ఒక కార్డు ఎలా ఉండాలో ఇది:

ప్రశ్న: ఫలానా ఏజెన్సీ ఫలానా రీకంపీట్‌కి (ముగుస్తున్న కాంట్రాక్టుకి మళ్లీ పెట్టే పోటీకి) తుది ఆర్‌ఎఫ్‌పీని మార్చి 31 రాత్రి 11:59 (తూర్పు కాలమానం) లోపు ప్రభుత్వ టెండర్ల సైటు శామ్ డాట్ గవ్‌లో పెడుతుందా?
అవును అంటే: "సొలిసిటేషన్" రకం నోటీసు కనబడాలి. డ్రాఫ్ట్ ఆర్‌ఎఫ్‌పీ, సోర్సెస్ సాట్, ప్రీ-సొలిసిటేషన్ లాంటి ముందస్తు నోటీసులు లెక్కలోకి రావు.
వేరే దారిలో వస్తే: జీఎస్ఏ (ప్రభుత్వ ఉమ్మడి కొనుగోళ్ల సంస్థ) ఈబై సైటు లాంటి చోట షెడ్యూల్ హోల్డర్లకి (ముందే ఒప్పందం ఉన్న కంపెనీలకి) మాత్రమే పంపితే, ఆ పత్రం ప్యానెల్‌లో ఒకరి దగ్గరైనా ఉంటే అవును.
రద్దయితే: కాదు.
ముందు ఒప్పందాన్ని ఆరు నెలలు పొడిగిస్తే: కార్డు అలాగే నడుస్తుంది, పొడిగింపు వార్త అప్‌డేట్‌కి కారణం మాత్రమే.

మూడో వరుస రాయకపోవడం దగ్గరే ఎక్కువ తగాదాలు వస్తాయి. నోటీసు బహిరంగంగా రాకుండా ముందే ఉన్న ఉమ్మడి ఒప్పందం కింద పోతే "రాలేదు" అని కొందరు, "వచ్చింది" అని కొందరు అంటారు, స్కోరు రాసేవాడు ఇద్దరి మధ్య నలుగుతాడు.

నాలుగో కార్డుకి ఇంకో మెలిక ఉంది. కాంట్రాక్టు చర్యల రికార్డు ఎఫ్‌పీడీఎస్‌లో (ఫెడరల్ కాంట్రాక్టుల డేటాబేస్‌లో) చేరాక రక్షణ శాఖవి మాత్రం బయటివాళ్లకి 90 రోజుల ఆలస్యంగా కనబడతాయి. కాబట్టి 180 రోజుల ప్రశ్నని 180వ రోజున మూసేస్తే నిజంగా పడిన ఆర్డర్లు కూడా "పడలేదు" అని నమోదవుతాయి. తీర్పు తేదీని 275 రోజులు పెట్టుకోవాలి.

ప్యానెల్ కూర్పు

పన్నెండు నుంచి ఇరవై మంది చాలు. సంఖ్య కన్నా వాళ్లు ఎక్కడెక్కడి నుంచి చూస్తున్నారన్నది ముఖ్యం. ప్రైసింగ్ చేసేవాళ్లు ఇద్దరు, ప్రపోజల్ మేనేజరు, కాంట్రాక్ట్ అడ్మినిస్ట్రేషన్‌లో పనిచేసేవాళ్లు, గతంలో కాంట్రాక్టింగ్ ఆఫీసరుగా చేసి రిటైరైనవాళ్లు, అసలు పని చేసే ఇంజనీర్లు, ఫైనాన్స్ నుంచి ఒకరు. ఆ బిడ్‌ని భుజాన వేసుకున్న క్యాప్చర్ మేనేజర్‌ని కూడా అడగాలి, కానీ ఆయన అంకెని లెక్కలో కలపకూడదు. పెళ్లికొడుకు మేనమామని అడిగితే పిల్లాడు బంగారం అనే అంటాడు. ఆయన దగ్గర సమాచారం ఎక్కువ, కోరిక అంతకన్నా ఎక్కువ. కాబట్టి ఆయన ఇచ్చే కారణాలు అందరికీ చూపించాలి, అంకె పక్కన పెట్టాలి.

చట్టం సంగతి ముందే తేల్చుకోవాలి. సోర్స్ సెలెక్షన్ (బిడ్ల ఎంపిక) సమాచారం, పోటీదారు ధరలు ప్రొక్యూర్‌మెంట్ ఇంటెగ్రిటీ నిబంధనల (ఫెడరల్ కొనుగోలు నియమావళి ఎఫ్‌ఏఆర్ 3.104) కింద రక్షణలో ఉంటాయి. అలాంటిది తెలిసిన మనిషి ఆ ప్రశ్నకి దూరంగా ఉండాలి, అంకె రూపంలో చెప్పినా అది బయటపెట్టడమే. భాగస్వామి కంపెనీల వాళ్లని కలుపుకుంటే జాగ్రత్త ఇంకా పెరగాలి. వాళ్లే రేపు పోటీదారులు. "మీరు బిడ్ వేస్తారా", "ఎంతకి వేస్తారు" అన్నవి ప్రశ్నలుగా పెట్టనే కూడదు. బిడ్ల కుమ్మక్కుని పట్టుకోవడానికే న్యాయ శాఖ 2019 నవంబరులో ప్రత్యేక దళాన్ని పెట్టింది. ఏజెన్సీ ఏం చేస్తుందన్న ప్రశ్నలకే పరిమితమైతే ఈ గొడవ ఉండదు. డబ్బు పందేల జోలికి కూడా పోకుండా పాయింట్లతో నడపడం మేలు.

మొదటి రౌండు చీకట్లో జరగాలి. ఒక అంకె, రెండు వరుసల కారణం, ఆ కారణం ఎక్కడి నుంచి వచ్చిందో ఒక ముక్క. గడువు 48 గంటలు. ఎవరి అంకె ఎవరికీ కనబడదు. తర్వాత పేర్లు తీసేసి కారణాలన్నీ, అంకెల వ్యాప్తి అందరికీ పంపాలి. రెండో రౌండులో మార్చుకునేవాళ్లు మార్చుకుంటారు. దీనికి మీటింగు పెట్టకండి. మీటింగులో మొదట మాట్లాడిన పెద్ద హోదా మనిషి అంకె చుట్టూ మిగతావి చేరిపోతాయి, ఇక పదిహేను మందిని పిలిచిన ఖర్చు దండగ.

సోర్సు వరుస ఎందుకు? పదిహేను మందీ ఏజెన్సీ ప్రచురించిన ప్రొక్యూర్‌మెంట్ ఫోర్‌కాస్ట్ షీటే చూసి 70 అంటే అవి పదిహేను అభిప్రాయాలు కావు, ఒక్క అభిప్రాయం పదిహేనుసార్లు. ఏజెన్సీ షీటులో తేదీ ఆ కార్యాలయం కోరిక, వాగ్దానం కాదు. జెడై మొదటి సెప్టెంబరు తేదీ కూడా అలాంటిదే.

కలిపే లెక్క

ఒక ఆర్‌ఎఫ్‌పీ తేదీ ప్రశ్నకి ఏడుగురు ఇలా చెప్పారనుకుందాం: 20, 25, 30, 30, 35, 60, 85. చివరి రెండూ అకౌంట్ మేనేజరు, క్యాప్చర్ మేనేజరువి. మామూలు సగటు 40.7. లాగ్-ఆడ్స్ సగటు (ప్రతి అంకెని ఆడ్స్‌గా, అంటే అవునుకి కాదుకి నిష్పత్తిగా, మార్చి, లాగరిథమ్ తీసి, సగటు కట్టి వెనక్కి మార్చడం) 40.6. మీడియన్ (వరుసలో పెడితే నడిమి అంకె) 30. చివరి రెండు తీసేస్తే సగటు 28. అంటే లెక్క పద్ధతి మారిస్తే ఇక్కడ ఒరిగింది ఏమీ లేదు, ఇద్దరు మనుషుల్ని తీస్తే పన్నెండు పాయింట్లకి పైగా కదిలింది. సూత్రాల మీద వాదించే సమయం ప్యానెల్ కూర్పు మీద పెట్టడం ఎందుకు మంచిదో ఇది చూపిస్తుంది. చిన్న ప్యానెల్‌కి మీడియన్ వాడండి, అంతకన్నా ఫ్యాన్సీ అక్కర్లేదు.

సున్నా, వంద ఒప్పుకోకూడదు. 2 నుంచి 98 మధ్యే రాయనివ్వాలి. లాగ్-ఆడ్స్‌లో ఒక్క 100 చాలు, మొత్తం లెక్కని అనంతానికి లాక్కుపోతుంది.

2011 నుంచి 2015 వరకు అమెరికా నిఘా పరిశోధన సంస్థ ఐఆర్పా నడిపిన ఏస్ అనే అంచనాల పోటీలో గెలిచిన గుడ్ జడ్జ్‌మెంట్ ప్రాజెక్ట్ ఇంకో పని చేసింది: కలిపిన అంకెని అంచు వైపు కొంచెం నెట్టడం. వేర్వేరు మనుషుల దగ్గర వేర్వేరు ముక్కలు ఉంటే, ఎవరికి వారు జాగ్రత్తగా నడిమికి దగ్గరగా చెబుతారు, అందరి ముక్కలూ కలిపితే నమ్మకం ఎక్కువ ఉండాలి. పై ఉదాహరణలో మీడియన్ 30ని లాగ్-ఆడ్స్‌లో 1.5తో గుణిస్తే 22 అవుతుంది. ఆర్‌ఎఫ్‌పీ గడువుకి రాలేదనుకోండి, బ్రయర్ స్కోరు (అంచనాకి ఫలితానికి తేడా వర్గం, తక్కువైతే మంచిది) సగటుకి 0.17, మీడియన్‌కి 0.09, నెట్టిన అంకెకి 0.05. వచ్చేస్తే మాత్రం వరుసగా 0.35, 0.49, 0.61. దెబ్బ గట్టిగానే తగులుతుంది. సోర్సు వరుసలో నాలుగైదు వేర్వేరు ఆధారాలు కనబడితేనే నెట్టాలి. అందరూ ఒకే బావిలో తోడుకున్నప్పుడు నెడితే, ఒకే తప్పుని ఇంకా ధైర్యంగా చెప్పినట్టు.

మనుషులకి బరువులు ఇవ్వాలన్న తొందర అందరికీ ఉంటుంది. ఒక్కొక్కరికి 25, 30 ప్రశ్నలు తేలేవరకు ఆగండి. అంతకుముందు కనబడేది ఎక్కువగా అదృష్టమే. ఇంకో మోసం ఉంది: తేలిక ప్రశ్నలకే జవాబిచ్చేవాళ్ల బ్రయర్ స్కోరు అందంగా కనబడుతుంది. కాబట్టి వ్యక్తి స్కోరుని అదే ప్రశ్నకి ప్యానెల్ మీడియన్ స్కోరుతో పోల్చి, తేడానే రాసుకోవాలి.

బేస్ రేట్లు: ఎక్కడ నమ్మాలి, ఎక్కడ తిప్పి చూడాలి

ప్యానెల్‌కి ప్రశ్నతో పాటు బేస్ రేటు (గతంలో అలాంటిది ఎంత తరచుగా జరిగిందన్న శాతం) ఇవ్వాలా వద్దా అన్న వాదన ఎప్పుడూ ఉంటుంది. మొదటి రౌండు తర్వాత ఇవ్వడమే మంచిది. ముందే ఇస్తే అందరూ దానికి అతుక్కుంటారు.

మార్కెట్ మొత్తానికి అతి ముఖ్యమైన ప్రశ్నకి బేస్ రేటు చాలా శుభ్రంగా ఉంది. ఆర్థిక సంవత్సరం మొదలయ్యే అక్టోబరు 1కల్లా అన్ని అప్రోప్రియేషన్ (వార్షిక నిధుల) బిల్లులూ చట్టమవుతాయా? ఇప్పటి ఆర్థిక సంవత్సరం లెక్క మొదలైన 1977 నుంచి 2026 వరకు 50 ఏళ్లలో అది నాలుగుసార్లే జరిగింది: 1977, 1989, 1995, 1997. అంటే 8 శాతం. 1998 నుంచి 2026 వరకు 29 ఏళ్లలో ఒక్కసారీ లేదు, జరిగినవాటికి ఒకటి, ఏళ్లకి రెండు కలిపే పాత లెక్క ప్రకారం (31కి 1) దాదాపు 3 శాతం. అయినా ఎన్నో పైప్‌లైన్ షీట్లలో కొత్త ప్రోగ్రాముల ఆర్‌ఎఫ్‌పీ అక్టోబరు, నవంబరులో అని ఉంటుంది. బిల్లులు ఆలస్యమైతే తాత్కాలిక నిధులిచ్చే కంటిన్యూయింగ్ రిజల్యూషన్ కింద కొత్త పనులు మొదలుపెట్టడానికి మామూలుగా వీల్లేదు. అప్పుడు పెరిగేవి పొడిగింపులు, కొత్తది వచ్చేవరకు నడిపే బ్రిడ్జి కాంట్రాక్టులు. ఈ ఒక్క వాక్యంతో రెండు కార్డులు సరిచేయొచ్చు: కొత్త పని తేదీలు కిందికి, ఇప్పుడున్న కాంట్రాక్టరుకి పొడిగింపు అవకాశం పైకి. షట్‌డౌన్ వస్తే (నిధుల్లేక ప్రభుత్వ ఆఫీసులు మూతపడితే) ఇంకో మాట. 2018 డిసెంబరు 22 నుంచి 35 రోజులు, 2025 అక్టోబరు 1 నుంచి 43 రోజులు మూతపడింది. పోగొట్టుకున్న రోజులు తేదీలకి అలాగే కలవవు, ఆఫీసులు తెరిచాక పేరుకుపోయిన ఫైళ్లు కూడా కలుస్తాయి.

ప్రొటెస్ట్‌ల బేస్ రేటు అంత శుభ్రం కాదు. జీఏఓ లెక్కల్లో ప్రొటెస్ట్ నిలబడిన వాటా 2022లో 13 శాతం, 2023లో 31, 2024లో 16. 2023 అంకె చూసి "ప్రొటెస్ట్‌లు గెలవడం పెరుగుతోంది" అని ట్రెండ్ గీసినవాళ్లు తప్పులో కాలేశారు. సీఐఓ-ఎస్‌పీ4 అనే ఒక్క ఐటీ కాంట్రాక్టు మీద గుంపుగా పడిన ప్రొటెస్ట్‌లు ఒకేసారి నెగ్గడం వల్ల ఆ ఏడాది అంకె ఉబ్బింది. విడివిడి ఘటనల్లా కనబడ్డవి నిజానికి ఒక్క ఘటన. పని ప్రణాళికకి మాత్రం పనికొచ్చేది ఇంకో అంకె: ఏజెన్సీ తనే సరిదిద్దుకున్నవి కూడా కలిపిన "ఎఫెక్టివ్‌నెస్" రేటు. అది ఆ మూడేళ్లలో 51, 57, 52 శాతం. ప్రొటెస్ట్ ఓడిపోతుందా గెలుస్తుందా అన్నది లాయరు ప్రశ్న. అవార్డు వెనక్కి వెళ్తుందా అన్నదే మార్కెట్ ప్రశ్న.

ఆలస్యం ఎంత అన్నది ఎక్కడికి వెళ్లారన్నదాన్ని బట్టి ఉంటుంది. జీఏఓకి 100 రోజుల గడువు ఉంది. ఒరాకిల్ 2018 ఆగస్టు 6న వేసిన ప్రొటెస్ట్‌ని సరిగ్గా నూరో రోజున, నవంబరు 14న, తోసిపుచ్చింది. కోర్టుకి అలాంటి గడువు లేదు. ఒరాకిల్ డిసెంబరులో కోర్టుకి వెళ్తే తీర్పు 2019 జులై 12న వచ్చింది. కాబట్టి మూడో కార్డుని ఒక్కటిగా ఉంచకుండా "జీఏఓ" అని ఒకటి, "కోర్టు" అని ఒకటి చేయాలి. రెండింటి గుండా వెళ్లే దారి పెద్ద కంపెనీలు పోటీలో ఉన్నప్పుడే ఎక్కువ.

ట్రెండ్ ప్రశ్నలు

ఒక్కో కొనుగోలు నుంచి మార్కెట్ దిశకి వచ్చేసరికి డేటానే ఎక్కువ మోసం చేస్తుంది. ఫెడరల్ కాంట్రాక్టుల కింద 2023లో కట్టుబడిన మొత్తం 75,900 కోట్ల డాలర్ల దరిదాపు. అందులో పెద్ద వాటా రక్షణ శాఖది. ఆ 90 రోజుల ఆలస్యం వల్ల ఎప్పుడు గ్రాఫు గీసినా చివరి త్రైమాసికం పడిపోతున్నట్టే కనబడుతుంది. దాన్ని చూసి "ఖర్చు తగ్గుతోంది" అని ప్యానెల్ మొత్తం 10 పాయింట్లు కదలడం సర్వసాధారణం. మందు తేలికే: చివరి 100 రోజుల డేటా ప్యానెల్‌కి చూపించకండి.

సెప్టెంబరు ఉప్పెన ఇంకొకటి. 2004 నుంచి 2009 వరకు ఫెడరల్ కొనుగోళ్ల మీద జరిగిన ఒక విశ్లేషణలో ఆర్థిక సంవత్సరం ఆఖరి వారం ఖర్చు మిగతా వారాల సగటుకి 4.9 రెట్లు ఉంది. అందుకే త్రైమాసికాన్ని ముందు త్రైమాసికంతో ఎప్పుడూ పోల్చకూడదు, నిరుటి అదే త్రైమాసికంతోనే పోల్చాలి. వర్గాల కోడ్లు మారిన చోట ఆ పోలిక కూడా విరిగిపోతుంది. 2020 అక్టోబరులో ఐటీ సేవల పాత డీ3 కోడ్లు పోయి డీఏ, డీబీ లాంటివి వచ్చాయి, పాత కోడ్లని కొత్తవాటితో ముడిపెట్టే పట్టిక కట్టకుండా గ్రాఫు గీస్తే అక్కడ లేని గొయ్యి కనబడుతుంది.

ఇలాంటి ప్రశ్నలకి ఒక్క అంకె అడగొద్దు, మూడు అడగండి: పదికి తొమ్మిదిసార్లు దాటే కనిష్ఠం, నడిమిది, పదికి ఒక్కసారే దాటే గరిష్ఠం. మనుషులు ఈ పరిధిని ఇరుకుగా పెడతారు. ముప్పై ప్రశ్నలు తేలాక నిజమైన విలువ పరిధి బయటపడ్డ సందర్భాలు ఆరుకి బదులు పన్నెండు ఉంటే, తర్వాతి పరిధుల్ని ఆ మేరకు వెడల్పు చేయాలి.

పైప్‌లైన్‌లోని 40 అవకాశాల సంభావ్యతల్ని కూడి "ఈ ఏడాది ఇంత వస్తుంది" అనడం ఆఖరి ఉచ్చు. అవి విడివిడిగా జారవు. షట్‌డౌన్ వస్తే అన్నీ కలిసే జారతాయి. 2025 మార్చి 20న సామాన్య కొనుగోళ్లని జీఎస్ఏ చేతికి చేర్చమని వచ్చిన అధ్యక్ష ఉత్తర్వు లాంటిది పడితే, వేర్వేరు ఏజెన్సీల్లో ఉన్న కార్డులు ఒకే రోజు పాతబడతాయి. అందుకని "బడ్జెట్ సమయానికి రాదు", "కొనే ఏజెన్సీ మారుతుంది" అన్న రెండు మూడు ఉమ్మడి కారణాల్ని విడి కార్డులుగా పెట్టి, మిగతా వాటిని "అది జరిగితే ఎంత, జరగకపోతే ఎంత" అని రెండుసార్లు అడగాలి. పని రెట్టింపవుతుంది, నిజమే. పది పెద్ద అవకాశాలకి మాత్రమే చేయండి.

జేడబ్ల్యూసీసీ దగ్గర

2021లో రద్దుతో పాటే కొత్త కాంట్రాక్టు ప్రకటన వచ్చినప్పుడు శాఖ చెప్పిన లక్ష్యం 2022 ఏప్రిల్. నవంబరు 19న నాలుగు కంపెనీలకి సొలిసిటేషన్ వెళ్లింది. "ఏప్రిల్ 30కల్లా అవార్డు" కార్డుకి జెడై చరిత్ర, నాలుగు ప్రపోజల్స్ మూల్యాంకనం రెండూ చూసినవాళ్లు తక్కువే ఇచ్చి ఉండాలి. 2022 మార్చి 29న శాఖ తేదీని డిసెంబరుకి జరిపింది, కారణం కూడా చెప్పింది: నలుగురితో పని అనుకున్నదానికన్నా ఎక్కువ పడుతోందని. అవార్డు డిసెంబరు 7న వచ్చింది. రెండో తేదీ నిలబడింది. మొదటి తేదీ ప్రకటన కోసం చెప్పింది, రెండోది పని చేస్తున్నవాళ్లు లెక్కేసి చెప్పింది. కార్డులో ఈ తేడాని నమోదు చేయడానికి ఒక గడి ఉంచుకోవాలి: ఇది ఎన్నో సవరణ, కారణం చెప్పారా లేదా.

2021 జులై 6న తెరిచి ఉన్న జెడై కార్డుల్ని ఏం చేయాలి? "ఏడాది చివరికల్లా ఆర్డరు పడుతుందా" లాంటివి "చెల్లవు" అని కొట్టేయమని ఎవరైనా అడుగుతారు, వాళ్లు ఎక్కువ శాతం ఇచ్చినవాళ్లే అయి ఉంటారు. కార్డు మీద "రద్దయితే: కాదు" అని రాసి ఉంది కనుక అవన్నీ "కాదు" గానే మూతపడతాయి, స్కోరూ అలాగే పడుతుంది.